నేర విచారణలలో కాలవిలంబము: పరభాషా రాష్ట్రములందలి తెలుగు సాక్షి

కోర్టులో ఓడినవాడు అక్కడనే ఏడ్చెను, గెలిచినవాడు ఇంటికి పోయి ఏడ్చెను అని మన పెద్దలందురు. ఇది ఆస్తి తగాదాలను మనసునందుంచుకొని పుట్టిన సామెత. నేర వ్యాజ్యములలో గెలుపుతోను ఓటమితోను నిమిత్తము లేని మూడవవాడొకడు గలడు. అతడు సాక్షి. పొలమునకు పోవుచు దారిలో ఒక ఘోరమును చూచినంత మాత్రమున అతడు ఏండ్ల తరబడి కోర్టు వరండాలో కూర్చుండవలసి వచ్చును. ఆ కూర్చుండుట ఎందులకో అతనికి చెప్పువారు లేరు.

"అయివారూ, చూసింది చూసినట్టు చెప్పేదానికి ఇన్ని వాయిదాలెందుకు?" అని మా పాఠశాల పిల్లల పెద్దలు నన్ను తఱచుగా అడుగుదురు. నేను న్యాయవాదిని కాను. తమిళనాటి ఉత్తరపు సరిహద్దున ఒక అల్పసంఖ్యాక భాషా పాఠశాలలో తెలుగు చెప్పువాడను. ఒకానొక నేర విచారణలో దుబాసీగా నిలువవలసి వచ్చుటచే చట్టమును కొంత చదివితిని. ఆ చదివినదానిని, కన్నులార చూచినదానిని మనవారికి నివేదించుటయే ఈ వ్యాసమున నేను తలపెట్టిన పని.

విలంబము ఎంతటిది

దేశమందలి జిల్లా కోర్టులలోను, వాని క్రింది కోర్టులలోను నేడు నాలుగు కోట్లకు పైగా వ్యాజ్యములు పరిష్కారము లేక నిలిచియున్నవి. వానిలో మూడు కోట్లకు పైగా నేర వ్యాజ్యములే. ఒక్కొక్క వ్యాజ్యము ఎంతకాలము సాగునో తెలియుటకు రెండు ఉదాహరణములు చాలును.

1975 జనవరి 2వ తేదీన బీహారులోని సమస్తిపూరు రైల్వే స్టేషనులో బాంబు ప్రేలి, నాటి కేంద్ర రైల్వే మంత్రి లలిత నారాయణ మిశ్రా గాయపడి మఱునాడు మరణించెను. ఆ నేరమునకు విచారణ కోర్టు శిక్ష విధించినది 2014 డిసెంబరులో. నడుమ గడచినవి ముప్పదితొమ్మిదేండ్లకు పై మాటే. ఇక మన తెలుగుదేశమున, నాటి గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6వ తేదీన దళితుల ఊచకోత జరిగినది. ఆ గ్రామముననే ప్రత్యేక న్యాయస్థానము నెలకొల్పి విచారించినను, మొదటి తీర్పు 2007 జూలై 31న గాని వెలువడలేదు. అది పదియాఱేండ్ల నిరీక్షణము. 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసినది. కేంద్ర మంత్రి ప్రాణమైనను, కూలివాని ప్రాణమైనను న్యాయమునకు వేచియుండుట తప్పలేదు.

ఈ విలంబమువలన నష్టపడువారు ఫిర్యాదులే కారు. మన కారాగృహములలో నున్న ప్రతి నలుగురిలోను ఇంచుమించు ముగ్గురు విచారణలోనున్న ఖైదీలు; నేరము ఇంకను ఋజువు కానివారు. 1979లో హుస్సైనారా ఖాతూన్ వ్యాజ్యమున బీహారు జైళ్ళ దుస్థితి సుప్రీం కోర్టు దృష్టికి వచ్చినపుడు, ఋజువైనచో పడదగిన శిక్షకంటె ఎక్కువ కాలము జైలులో మ్రగ్గినవారును అందు కనబడిరి. శీఘ్ర విచారణ రాజ్యాంగము 21వ అధికరణమున చేరిన హక్కేయని ఆ వ్యాజ్యమున న్యాయమూర్తులు ప్రకటించిరి.

కాలమెచ్చట పోవుచున్నది

లంచములవలనను, ప్లీడర్ల జిత్తులవలనను మాత్రమే ఆలస్యమగునని మనవారు చెప్పుకొందురు. అందు కొంత నిజముండవచ్చును. కాని అంతయు అదియే కాదు. నేను దుబాసీగా పోయిన వ్యాజ్యములో సాక్షులు తొమ్మండుగురు. వారందఱు కోర్టులో మాటలాడిన గంటలను కూడినచో రెండు దినములకు మించవు. ఆ వ్యాజ్యమునకు పట్టినది ఆఱేండ్లు. కావున కాలము విచారణలో పోవుటలేదు. ఒక విచారణకును మఱియొక విచారణకును నడుమ పోవుచున్నది. విషయమునకు కీలకము ఇచ్చటనే కలదు.

పెండ్లి ముహూర్తమునకు వరుడు, వధువు, పురోహితుడు, పెద్దలు అందఱును ఒక్కచోట నుండవలెను. ఒక్కరు లేకున్న ముహూర్తము తప్పును. నేర విచారణలో ప్రతి వాయిదాయు అట్టి ముహూర్తమే. న్యాయాధికారి, ప్రభుత్వపు ప్లీడరు, ముద్దాయి, అతని ప్లీడరు, సాక్షి, కాగితములు ఇవి యన్నియు ఒక్క పూట కలిసిరావలెను. సాక్ష్యమును ముద్దాయి యెదుట వ్రాసికొనవలెననియు, అతనికి హాజరునుండి మినహాయింపు ఇచ్చినచో అతని ప్లీడరు ఎదుట వ్రాసికొనవలెననియు చట్టము. ముద్దాయిలు పదుగురైనచో, అందొకడు అనుమతి లేక రాకపోయినను ఆనాటి విచారణ ఆగును. అతనిపై వారంటు పుట్టును; అతడు పరారియైనచో అతని వ్యాజ్యమును వేఱుచేయువఱకు తక్కినవారిదియు నిలిచిపోవచ్చును.

మొదటి అంచె పోలీసు దర్యాప్తు. ముద్దాయి నిర్బంధములో నున్నపుడు, నేరముయొక్క తీవ్రతనుబట్టి 60 దినములలోనో 90 దినములలోనో అభియోగపత్రము దాఖలు కావలెను; లేనిచో అతనికి జామీను హక్కగును. ముద్దాయి బయటనున్నచో అట్టి ఒత్తిడి లేదు. శాంతిభద్రతలను కాచుటయు, ఊరేగింపులకు బందోబస్తు చేయుటయు, నేరములు దర్యాప్తు చేయుటయు ఆ కొలదిమంది పోలీసుల పనియే. రక్తపు మరకలను, తుపాకి గుండ్లను పరీక్షించు ప్రయోగశాలల నివేదికలు వచ్చుటకు నెలలు పట్టును.

తరువాతి అంచెలో సాక్షులు. గాయములు చూచిన వైద్యుడును, దర్యాప్తు చేసిన సబ్ ఇన్‌స్పెక్టరును విచారణనాటికి ఆ యూర నుండరు. బదిలీయై వేఱు జిల్లాలలో నుందురు. సమను వారిని వెదకుకొనుచు పోవలెను. సాక్షి వచ్చిననాడు ప్లీడరు వాయిదా కోరును; ప్లీడరు సిద్ధముగానున్న నాడు న్యాయాధికారి సెలవులో నుండును. ఇట్లు కాలము గడచుకొలది సాక్షి మఱచును, లేదా భయపడును, లేదా రాజీపడును. అపుడు పూర్వము చెప్పినదానికిని ఇప్పుడు చెప్పుదానికిని పొత్తు కుదురక విచారణ మఱింత సాగును. విలంబము విలంబమును కనును.

న్యాయాధికారుల కొఱత ఈ బాధలన్నిటికిని మూలములలో ఒకటి. పదిలక్షల జనమునకు పదిన్నరమంది న్యాయాధికారులు మాత్రమే కలరనియు, ఏబదిమంది యుండవలెననియు లా కమిషను 1987లో తన 120వ నివేదికలో వ్రాసెను. ఐదేండ్లలో ఆ సంఖ్యను చేరవలెనని 2002లో సుప్రీం కోర్టు చెప్పినది. నేటికిని అది ఇరువదికి కొంచెము పైననే యున్నది. మంజూరైన పదవులలోనే కొన్ని వేలు ఖాళీగా నుండును. మఱియొక ప్రక్క పని పెరిగినది. చెల్లని చెక్కు ఇచ్చుటను నేరముగా చేసిన చట్టము 1989 ఏప్రిలునుండి అమలులోనికి వచ్చినపిమ్మట, అప్పు వసూలు వ్యవహారములు లక్షలకొలదిగా నేరముల కోర్టులలో చేరినవి. ఉదయమున ఒక మేజిస్ట్రేటు బల్లపై పరచు పట్టికలో నూఱు వ్యాజ్యములుండిన, వానిలో అధికభాగమునకు తేదీ మార్చుటకంటె వేఱొండు చేయ నెవ్వరితరము?

దీనికి గడువు విధింపరాదా యని అడుగవచ్చును. నేర విచారణ ఇన్ని యేండ్లలో ముగియనిచో కొట్టివేయవలెనని గీత గీయుట సాధ్యము కాదని 2002లో పి. రామచంద్రరావు వ్యాజ్యమున ఏడుగురు సుప్రీం కోర్టు న్యాయమూర్తులు నిర్ణయించిరి. ఆలస్యమునకు కారణమెవ్వరో ఏ వ్యాజ్యమునకు ఆ వ్యాజ్యమున చూడవలసినదే. అయినను 2024 జూలై 1నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత కొన్ని గడువులను పెట్టినది. అభియోగ పత్రము మొదలగు కాగితముల నకళ్ళను ముద్దాయి హాజరైన 14 దినములలో ఇవ్వవలెను. కక్షి అదుపులో లేని కారణములున్నపుడు రెండు వాయిదాలకు మించి ఇవ్వరాదు. సెషన్సు విచారణలో వాదములు ముగిసిన 30 దినములలో, తగిన కారణమున్నచో 45 దినములలో తీర్పు చెప్పవలెను. ఇవి మంచి మాటలే. కాని గడువును చట్టములో వ్రాసినంతమాత్రమున న్యాయాధికారియు, వైద్యుడును, దుబాసీయు పుట్టుకొనిరారు.

త్వరపాటును మాత్రము కోరరాదు. ముద్దాయికి కాగితములు చదువుకొనుటకును, సాక్షిని ఎదురు ప్రశ్నలడుగుటకును కావలసిన కాలము విలంబము కాదు; అది న్యాయములో భాగము. మనము వగవవలసినది వట్టి నిరీక్షణలో పోవు కాలమును గూర్చి.

భాష యను అంచె

పైన చెప్పిన కష్టములు దేశమందలి ప్రజలందఱివి. పరభాషా రాష్ట్రములలో తరతరములుగా నున్న మన తెలుగువారికి ఇంకొకటి అదనముగా కలదు.

హైకోర్టు తప్ప తక్కిన కోర్టుల భాష ఏదియో నిర్ణయించునది రాష్ట్ర ప్రభుత్వము. అందుచే కోలారు, బళ్ళారి రైతు కన్నడములోను, హోసూరు రైతు తమిళములోను, రాయగడ, పర్లాకిమిడి వాసి ఒడియాలోను, షోలాపూరు పద్మశాలి మరాఠీలోను జరుగు విచారణయందు నిలువవలెను. యానాములో ప్రజల భాష తెలుగే. కాని ఆ యూరి అప్పీళ్ళు వినవలసిన హైకోర్టు చెన్నపట్టణమున నున్నది. రాజ్యాంగము 348వ అధికరణమునుబట్టి హైకోర్టు వ్యవహారము ఇంగ్లీషులో సాగును. కాన ఎక్కడి సాక్షి మాటయైనను అప్పీలు నాటికి ఇంగ్లీషులోనికి మారవలెను. తెలుగున పలికినది తమిళమై, తమిళము ఇంగ్లీషై పోవునపుడు కాలము రెండుమార్లు ఖర్చగును. అర్థమును రెండుమార్లు తరుగును.

చట్టము ఈ సంగతిని మఱువలేదు. నూతన సంహితలోని 312, 313, 314 సెక్షనులు, పూర్వపు శిక్షాస్మృతిలోని 277, 278, 279 సెక్షనులకు ప్రతిరూపములు, మనవారందఱు తెలిసికొనదగినవి. వాని సారమిది. సాక్షి వేఱు భాషలో చెప్పినచో వీలైనంతవఱకు ఆ భాషలోనే వ్రాసికొనవచ్చును. వీలు కానపుడు విచారణ జరుగుచుండగనే కోర్టు భాషలో సరియైన అనువాదము సిద్ధము చేయవలెను. వ్రాసినదానిని సాక్షికి చదివి వినిపింపవలెను. ఆ భాష సాక్షికి రానిచో, అతడు సాక్ష్యము చెప్పిన భాషలోనో, అతనికి తెలిసిన భాషలోనో దానిని వినిపింపవలెను. ముద్దాయికి తెలియని భాషలో ఇచ్చిన సాక్ష్యమును బహిరంగముగ కోర్టులోనే అతనికి తెలిసిన భాషలో వినిపింపవలెను. 1962లోనే, హరికిషన్ వ్యాజ్యములో, నిర్బంధమునకు కారణములను అతనికి రాని ఇంగ్లీషులో చెప్పుట చెప్పినట్లు కాదని సుప్రీం కోర్టు నిర్బంధమును రద్దుచేసినది.

చట్టము ఇంత చక్కగా నున్నది. దుబాసీ యెక్కడ? ఉండిన వాయిదా తప్పును. లేకున్న వాయిదా పడును. ఒక్కొక్కప్పుడు వాయిదా తప్పించుటకై సగము తెలుగు వచ్చిన గుమాస్తా ఆ పని చేయును. అందలి అపాయమును నా యనుభవమునుండియే చెప్పెదను.

'మొన్న' అను ఒక్క మాట

2013లో మా ప్రక్క గ్రామమున పొలము గట్టు విషయమై రెండు కుటుంబములకు కలహము పుట్టి, ఒకనికి కొడవలి దెబ్బ తగిలెను. అది అమావాస్య దినము. చూచినవాడు మా పాఠశాలలో చదువుచుండిన యొక బాలుని తాత. ఆయనకు సంతలో బేరమాడుటకు చాలినంత తమిళము మాత్రమే వచ్చును. ఐదు దినములకు పోలీసులు వచ్చి అడుగగా, "మొన్న అమావాస్యనాడు చూస్తిని" అని చెప్పెను. మన పలుకుబడిలో 'మొన్న' యనగా నిన్నటికి ముందు దినమని ఒక అర్థము. ఈ మధ్య గడచినదని మఱియొక అర్థము. వ్రాసికొన్నవారు అమావాస్యను విడిచి, 'ముందానాళ్' అని వ్రాసిరి. అనగా నిన్నటికి ముందు దినము. ఆ కాగితమును తాతకు తెలుగున చదివి వినిపించినవారు లేరు.

2017లో తాతకు సమను వచ్చెను. మొదటి దినమున దుబాసీ లేడని వాయిదా పడెను. రెండవమారు దుబాసీ దొఱకెను గాని ముద్దాయిలలో ఒకడు రాలేదు. మూడవమారు నన్ను పిలిచిరి. ఉన్నది ఉన్నట్లు అనువదింతునని ప్రమాణము చేసితిని.

ముద్దాయిల ప్లీడరు పోలీసు కాగితమును చేతబట్టి, 'ముందానాళ్' జరిగినదని నీవు చెప్పితివా యని తమిళమున అడిగెను. నేను తెలుగున "మొన్న జరిగిందని చెప్పినావా?" అని అడిగితిని. తాత తడుముకొనక, "అవును సామీ, మొన్న అనే చెప్పినాను" అనెను. దానిని తిరిగి తమిళము చేసితిని. నా రెండు అనువాదములును నిఘంటువునుబట్టి తప్పులు కావు. కాని అమావాస్యనాటి దెబ్బ ఆ క్షణమున తదియనాటికి జరిగెను. వైద్యుని ధ్రువపత్రములో అమావాస్య తేదీయే యుండెను. కావున ఈ సాక్షి ఆ కలహమును చూడనేలేదని వాదము పుట్టెను.

పొరపాటు ఎక్కడ జరిగినదో నాకు వెంటనే స్ఫురించెను. నోరు రాలేదు. దుబాసీ సాక్షి మాటనే చెప్పవలెను గాని తన మాట చెప్పరాదని తలచి ఊరకుంటిని. ఈ మాటకు రెండర్థములు గలవని న్యాయాధికారికి విన్నవించుట అనువాదములో భాగమేయని తరువాత గాని నాకు తోచలేదు. సాయంకాలము వాఙ్మూలమును చదివి వినిపించిరి; తమిళమున వినిపించిరి. తెలుగున వినిపింపుడని కోరు హక్కు కలదని తాతకు తెలియదు; నాకును తెలియదు. అప్పుడు అడిగి ఆక్షేపించియుండినచో దిద్దుటకో, ఆ ఆక్షేపణమును వ్రాసియుంచుటకో చట్టమున త్రోవ యుండెను.

పోలీసు కాగితమునకును కోర్టు మాటకును గల భేదమును ఋజువు చేయుటకు, ఆ కాగితము వ్రాసిన సబ్ ఇన్‌స్పెక్టరును ప్రశ్నింపవలసియుండెను. ఆయన అప్పటికి దూరపు జిల్లాకు బదిలీయై యుండెను. ఆయన రాకకు నాలుగు వాయిదాలు, పదునాలుగు నెలలు పట్టెను. 2019లో తీర్పు వచ్చెను. సంశయలాభమిచ్చి ముద్దాయిలను విడుదల చేసిరి.

తాత మా యింటికి వచ్చెను. ముద్దాయిలు విడుదలైనందుకు ఆయనకు చింత లేదు. వారును ఆ యూరివారే. "అయివారూ, నేను అబద్ధం చెప్పినానని రాసినారంట. నిజమేనా?" అని అడిగెను. నమ్మదగినది కాదనుటకును అబద్ధమనుటకును గల భేదమును నేను చెప్పబోయితిని. ఆయన అరుగుమీదనుండి లేచి, తువ్వాలు దులిపికొని వెడలిపోయెను.

మనము చేయదగినది

న్యాయాధికారుల సంఖ్యను పెంచుట మన చేతిలో లేదు. భాష యను అంచె మాత్రము కొంత మన చేతిలో నున్నది.

పోలీసులకు నోటిమాటగా ఫిర్యాదు చెప్పినపుడు, దానిని వ్రాసి, చదివి వినిపించి, నకలును ఉచితముగా ఇవ్వవలెను. తెలుగున వినిపింపుమని అడుగుడు. దర్యాప్తులో సాక్షి చెప్పినదానిని పోలీసులు వ్రాసికొన్న కాగితముపై సాక్షి సంతకము చేయ నవసరము లేదు. సంతకము తీసికొనరాదనియే చట్టము. కాలమును చెప్పునపుడు 'నిన్న', 'మొన్న', 'ఆ మధ్య' అనక, తిథి చెప్పి, వారము చెప్పి, ఇంగ్లీషు తేదీయు చెప్పుడు. చుట్టరికమును చెప్పునపుడు 'మామ', 'బావ' యని విడువక, తల్లి తమ్ముడనియో, అక్క మగడనియో విడమరచుడు.

సమను అందిన వెంటనే, సాక్షికి తెలుగు దుబాసీ కావలెనని ప్రభుత్వపు ప్లీడరునకు ముందుగా తెలియజేయుడు. ఆనాడు కోర్టులో చెప్పినచో వాయిదా పడును. పదునైదు దినములు ముందు చెప్పినచో పడకపోవచ్చును. స్త్రీలకును, షెడ్యూల్డు కులముల, తెగలవారికిని, నిర్బంధములో నున్నవారికిని న్యాయసేవా సంస్థలు ఉచితముగా ప్లీడరునిచ్చును. వాఙ్మూలము ముగిసిన పిమ్మట తెలుగున వినిపింపుడని సాక్షి తానే కోరుట మేలు. కోర్టు భాష రాని సాక్షికి, అతడు కోరకున్నను, అట్లు వినిపింపవలెననియే చట్టము.

మన సంఘములకు ఒక విన్నపము. ప్రతి తాలూకాలోను రెండు భాషలును చదువ వ్రాయ నేర్చినవారి పట్టికను సిద్ధము చేసి జిల్లా న్యాయసేవా సంస్థకు అందజేయవచ్చును. ఎవరిని నియమించుటయో కోర్టు ఇష్టము. పట్టిక చేతిలోనున్నచో వెదకుట తప్పును. ఇందుకు యువకులు కొదువ లేరు. 2006లో తమిళము తప్పనిసరిగా నేర్వవలెనను చట్టము వచ్చినపుడు మా వంటి పాఠశాలలలో మేమెంతయో కలత చెందితిమి. తెలుగునకు చోటు తగ్గునను ఆ కలత నేటికిని తీరలేదు. కాని ఆ పిల్లలకు నేడు తమిళము బాగుగా వచ్చును. వారికి తెలుగును కూడ అంతే బాగుగా నేర్పితిమేని, తాతల మాటను కోర్టునకు, కోర్టు మాటను తాతలకు చేర్పగల దుబాసీలు మన యిండ్లలోనే తయారగుదురు. తెలుగు చదువు ఎందులకని అడుగువారికి నేను చెప్పు సమాధానములలో ఇది యొకటి.

మా తరగతిలో ఇప్పుడు 'నిన్న, మొన్న, అటుమొన్న' అను పాఠము వచ్చినపుడు ఒక పూట ఎక్కువగా తీసికొందును. పిల్లలచేత ఆ మాటల అర్థములను తెలుగునను, తమిళమునను వ్రాయింతును. ఏ మాటకు రెండర్థములు గలవో అక్కడ ఆగి అడుగవలెనని చెప్పుదును. ఆనాడు కోర్టులో నేను చేయవలసియుండినది ఆ పాటి పనియే.